హైదరాబాద్ పేరు మోసిన స్పిట్‌ఫైర్లు

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ముప్కాల్ కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చాడు. ఎయిర్‌ఫోర్స్ పరీక్షకు చదువుతున్నాడు. "సారూ, యుద్ధంల విమానాలు నడిపినోళ్లు రాసిన పుస్తకాలు ఏమన్న ఉన్నయా? మనోళ్లయి అయితె ఇంక మంచిగుండు" అన్నాడు. చాలానే ఉన్నాయని చెప్పాను. "మనోళ్లయి" అన్న మాటే నన్ను పట్టుకుంది. దానికి జవాబు చెప్పాలంటే లండన్ దాకా పోయి రావాలి.

లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో డీహెచ్ 9ఏ అనే పాతకాలపు రెండంతస్తుల రెక్కల బాంబరు ఉంది. అది హైదరాబాద్ నిజాం కానుక అనీ, "హైదరాబాద్ 12ఏ" అనీ దాని ఒంటి మీద రాసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు ఇలాంటి విమానాలు సమకూరాయి. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి వెళ్లిన ఈ విమానం తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది, 1977లో ఇంగ్లండ్‌కు తిరిగి వచ్చింది.

రెండో యుద్ధంలో రెండు ఫైటర్ స్క్వాడ్రన్లకు మన రాజ్యం పేరు పెట్టారు. 152వది హైదరాబాద్ స్క్వాడ్రన్, స్పిట్‌ఫైర్లు నడిపింది. 253వది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్, హరికేన్లు నడిపింది. 152 చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఆ విమానాల్లో కూర్చున్నవాళ్లు మనవాళ్లు కాదు, నిజమే. కానీ నిజాం ఇచ్చిన సొమ్ము ఏ ఖాతాలోంచి పోయినా దాని మొదలు రైతు కట్టిన శిస్తే కదా. నిజాంసాగర్ కట్ట పూర్తయి పదేళ్లు నిండని కాలం, బోధన్ షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా చెరుకు ఆడుతున్న కాలం అది. ఇక్కడి పల్లెల చెమటలో ఒక చుక్క ఇంగ్లండ్ ఆకాశంలో కాలిపోయిందంటే నేను నమ్ముతాను. అందుకే ఆ పుస్తకాలు పరాయివి అనుకోను.

వాటిలో మొదట చేతికిచ్చేది 253వ స్క్వాడ్రన్ మనిషిదే. పేరు టామ్ గ్లీవ్. 1940 ఆగస్టు 31 ఉదయం స్క్వాడ్రన్ నాయకుడు హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. ఆయన స్థానంలోకి వచ్చిన గ్లీవ్ మధ్యాహ్నమే కాలుతున్న హరికేన్‌లోంచి బయటపడ్డాడు. ముఖం, చేతులు, కాళ్లు కాలిపోయాయి. ఆసుపత్రికి వచ్చిన భార్య ఆ ముఖం చూసి ఏమైందని అడిగితే, ఒక జర్మన్‌తో కొట్లాట పడ్డానన్నాడట. 1941లో, పేరు దాచుకుని రాసిన పుస్తకానికి ఆ మాటనే పెట్టాడు: 'ఐ హాడ్ ఎ రో విత్ ఎ జర్మన్'. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో ఆర్చిబాల్డ్ మెకిండో అనే శస్త్రవైద్యుడు ఇలా కాలినవాళ్లకు ముఖాలు తిరిగి కట్టేవాడు. ఆయన రోగులు గినీ పిగ్ క్లబ్ పెట్టుకుంటే గ్లీవ్ దానికి మొదటి పెద్దల్లో ఒకడయ్యాడు. చివరికి ఆ క్లబ్‌లో 649 మంది చేరారు.

రిచర్డ్ హిల్లరీ 'ది లాస్ట్ ఎనిమీ' కూడా అదే ఆసుపత్రి కథ. గ్లీవ్ పడిన మూడు రోజులకు, సెప్టెంబర్ 3న, ఆయన స్పిట్‌ఫైర్ మంటల్లో పడింది. పుస్తకం 1942లో వచ్చింది. 1943 జనవరిలో, ఇంకా సరిగా పట్టు దొరకని చేతులతోనే శిక్షణలో ఎగిరి చనిపోయాడు. ఈ రెండూ పుండు మానకముందు రాసినవి. చదివేటప్పుడు ఆ పచ్చిదనం తగులుతుంది. యుద్ధం ఎటు తిరుగుతుందో రాసేవాడికే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని ఏ చరిత్రకారుడూ తర్వాత తయారు చేసి ఇవ్వలేడు.

వీటి పక్కనే జెఫ్రీ వెల్లమ్ 'ఫస్ట్ లైట్' పెట్టి చదవాలి. 1940లో పద్దెనిమిదేళ్లవాడు 92వ స్క్వాడ్రన్‌లో చేరాడు. 1942లో విమానవాహక నౌక మీది నుంచి మాల్టాకు స్పిట్‌ఫైర్లను నడిపించి, ఆ తర్వాత ఒళ్లూ మనసూ అలిసి కుప్పకూలాడు. అప్పటికి ఇరవై ఒకటి. పుస్తకం అచ్చైంది 2002లో, ఎనభై ఏళ్ల వయసులో. అందులో పోరాటం కంటే ఎదురుచూపు పెద్దది. తెల్లవారుజామున గడ్డి మీద కుర్చీలు వేసుకుని, టెలిఫోన్ మోగుతుందేమోనని కడుపులో వికారంతో కూర్చోవడం. పొలం కాడ కరెంటు కోసం రాత్రంతా కూర్చున్నవాడికి ఎదురుచూపు ఎంత బరువో తెలుసు. కానీ వీళ్లది చావు కోసం ఎదురుచూపు. నాకు అన్నిటిలోకీ ఇదే ఇష్టం.

అవతలి పక్షం చదవకపోతే సగమే చదివినట్టు. జపాన్ పైలట్ సబురో సకాయ్ 1942 ఆగస్టు 7న గ్వాడల్‌కెనాల్ దగ్గర తలకు దెబ్బ తగిలి, ఒక కన్ను చూపు పోయి, నాలుగు గంటలకు పైగా సముద్రం మీద ఒంటరిగా ఎగిరి రబౌల్ చేరాడు. ఆయన పేరుతో 1957లో ఇంగ్లిష్‌లో వచ్చిన 'సమురాయ్!' మరో ఇద్దరి చేయి పడిన పుస్తకం. రక్తి కట్టించడానికి చేర్చినవి అందులో ఉన్నాయన్న విమర్శ ఉంది. జర్మన్ అడాల్ఫ్ గాలండ్ పుస్తకాన్ని, ఓడిన సేనాని తన లెక్క తాను చెప్పుకుంటున్నాడన్న ఎరుకతో చదవాలి.

ఇక మన హైదరాబాద్ మనిషి ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాద్‌లో పుట్టాడు, నిజాం కాలేజీలో చదివాడు, 1942లో వైమానిక దళంలో చేరాడు, ఇంగ్లండ్‌లో హరికేన్లు, స్పిట్‌ఫైర్ల మీద శిక్షణ పొంది బర్మా రంగానికి వచ్చాడు. దేశ విభజన వేళ పాకిస్తాన్‌కు రమ్మని తోటి అధికారులు పిలిచినా పోలేదు. 1978 నుంచి 1981 దాకా భారత వైమానిక దళానికి అధిపతి. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆయన జీవిత చరిత్రను భార్య బిల్కీస్ లతీఫ్ రాశారు: 'ది ల్యాడర్ ఆఫ్ హిజ్ లైఫ్'. ఆయన పక్కన హైదరాబాద్ స్క్వాడ్రన్‌ను కూడా తలచుకోవాలి. 152 కూడా ఆఫ్రికా, ఇటలీ దాటి బర్మాకే వచ్చింది. మన పేరు మోసిన విమానాలూ మన ఊరి పైలటూ ఒకే యుద్ధరంగం చేరారు.

ఇంగ్లండ్‌లో ఇన్ని పుస్తకాలు ఎందుకు పుట్టాయి? అక్కడి కుర్రాళ్లు మనకంటే బాగా రాయగలిగి కాదు. ఎగిరి దిగిన ప్రతిసారీ పైలట్ తన లాగ్‌బుక్‌లో తేదీ, విమానం, ఎగిరిన సమయం రాయాలి. పోరాటం జరిగితే విడిగా నివేదిక ఇవ్వాలి. స్క్వాడ్రన్‌కు రోజువారీ చిట్టా ఉంటుంది. ఆ నివేదికలనూ చిట్టాలనూ భద్రపరిచి, తర్వాత లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎవరైనా చూసేట్టు పెట్టారు. అరవై ఏళ్ల తర్వాత ముసలాయన జ్ఞాపకం తడబడితే కాగితం చెయ్యి పట్టుకుంటుంది. మాటకు కాగితం తోడుండటం: మనం తెచ్చుకోవలసింది ఇదే.

మనకు ఎగిరేవాళ్లు తక్కువేమీ కాదు. పైలట్లకు శిక్షణనిచ్చే వైమానిక అకాడమీ దుండిగల్‌లో ఉంది, హకీంపేటలో ఫైటర్ శిక్షణ నడుస్తుంది. 1999లో కార్గిల్‌లో మిగ్-27 కూలి, పాకిస్తాన్‌కు బందీగా చిక్కి, వారం తిరిగేసరికి విడుదలైన కంభంపాటి నచికేత తెలుగు ఇంటివాడు. బందీగా ఉన్న ఆ రోజుల గురించి తెలుగులో, మన పల్లె పిల్లవాడు చదివేట్టు, ఒక మంచి పుస్తకం ఉండాలని నా కోరిక.

ఆ కుర్రవాడికి ముందు వెల్లమ్, తర్వాత గ్లీవ్, ఆ తర్వాత లతీఫ్ అని రాసిచ్చాను. ఇంకో పని కూడా చెప్పాను. పక్క ఊళ్లో వైమానిక దళంలో కింది సిబ్బందిగా పనిచేసి వచ్చిన పెద్దాయన ఉన్నాడు, 1971లో విమానాలకు పెట్రోలు పట్టినవాడు. వెళ్లి కూర్చుని ఫోన్‌లో రికార్డు చెయ్యి, ఇనుప పెట్టెలో ఏ కాగితం ఉన్నా ఫొటో తియ్యి అన్నాను. వాడు వెళ్లాడు. సాయంత్రం వచ్చి, "సారూ, తాత విమానం ముచ్చటే తియ్యలే. యుద్ధం రోజుల్ల దీపాలు పెట్టనిస్తలేకుండిరట. చీకట్ల అన్నం తినుడు, ఎవరి పళ్లెం ఎవరిదో తెల్వకపోవుడు, గదే చెప్పిండు" అన్నాడు.

రేపు మళ్లీ పొమ్మన్నాను. ఆ పళ్లాల సంగతి మొత్తం రాసుకుని రమ్మన్నాను.