టెలివిజను వదంతి

ఫలానా కంపెనీ టెలివిజనులు చేయబోవుచున్నదను వదంతి పుట్టినంతనే దాని షేర్లకు వెల పెరుగుట వింత గాదు. వడ్లమ్మిన సొమ్ము నందు పెట్టదలచిన హాలియా, మిర్యాలగూడ వాసు లొకింత యాగవలెను. 2007లో టెలివిజనుకు తగిలించు పెట్టెను తెచ్చిన ఆపిల్ కంపెనీ, ఇక టెలివిజనునే తెచ్చునని అమెరికా షేరుబజారు జోస్యులు ఏండ్లతరబడి పలికిరి. 2015 నాటికిని అది యంగడికి రాలేదు!

మన హైదరాబాదున 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంగతి వేరు. అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున పెరిగిన యా సంస్థ ఇ.సి. టీవీలను నిజముగా చేసి యిండ్లకు చేర్చినది. అయినను పోటీ ప్రబలిన పిమ్మట ఆ వ్యాపారము నిలువలేదు. టెలివిజను చేయుట యటుండనిండు, తెర వెల యేటేట పడిపోవుచుండగా లాభము మిగుల్చుకొనుటయే దుర్ఘటము. ఇ.సి.ఐ.ఎల్. ప్రభుత్వ సంస్థ గనుక లాభనష్టములు ప్రభుత్వమువే. ఈ షేర్లలో నష్టము వచ్చిన నది వడ్లమ్మినవానిదే. కంపెనీకి అప్పెంత, టీవీ యొక్కింటికి మిగులునదెంత యని ముందుగా దళారి నడుగవలదా?