అదృష్టవంతురాలు అనకండి

పోయిన శ్రావణమాసంలో గాజులకని పాతూరుకు పోయాను. వరలక్ష్మీ వ్రతం ముందురోజు కదా, అంగడిలో కాలు పెట్టే చోటు లేదు. ఆ రద్దీలో ఒక తెల్ల జంట, వాళ్ళ వెంట కారు డ్రైవరు, మూడేళ్ళ పాప. పాప మనదే. నల్లగా, నిగనిగలాడుతూ, తలకు ఎవరో నూనె బాగా పెట్టి రెండు పిలకలు వేసి పంపించారు. కుడికాలికి మాత్రం పట్టీలున్న పెద్ద బూటు ఉంది.

మా అనంతపురంలో తెల్లవాళ్ళు కనబడితే ముందు స్పెయిన్ వాళ్ళనుకుంటాం. ఇది అలవాటైన సంగతే. కానీ వీళ్ళు ఆ కొలువుకు వచ్చినవాళ్ళు కాదు, పాపను దత్తత తీసుకుని వాళ్ళ దేశానికి తీసుకుపోతున్నారని డ్రైవరు చెప్పాడు. ఆమె నేలమీద, ఆ దుమ్ములోనే గొంతుకూర్చుని, పాప చేతికి గాజు ఎక్కించాలని చూస్తోంది. పాప పిడికిలి విప్పదు. ఆమె చేతిలో చిన్న కాగితం ఉంది. అది చూసి "నీల్లు? అన్నం?" అని అడిగింది. పాప తల అడ్డంగా ఊపి, "ఆయమ్మ యాడ?" అంది.

నాకొచ్చిన ఇంగ్లీషులో, ఆయా కోసం అడుగుతోందని చెప్పాను. ఆమె తలూపింది. మూడు రోజులుగా అదే అడుగుతోందట. ఆ ఒక్క మాట వాళ్ళకు అర్థమైపోయిందట.

ఈలోగా అంగడిలో ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"ఎంత అదృష్టమో సూడు, ఇమానం ఎక్కుతాది."

"ఎంతకిచ్చినారంట?"

"కన్నది ఏ కసాయిదో!"

ఐదు నిమిషాల్లో ఈ మూడు మాటలూ విన్నాను. అన్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అందులో ఒకావిడ పాపకు ఒక డజను గాజులు ఊరికే ఇప్పించింది కూడా. అయినా ఇంటికొచ్చేదాకా నా కడుపు మండుతూనే ఉంది. ఎవరిమీదనో అడిగితే, ముందు నామీదనే అని చెప్పాలి.

మా మరిదికి, తోడికోడలికి పెళ్ళై పదమూడేళ్ళు. బెంగళూరులో చూపించుకున్నారు, రెండుసార్లు లక్షలు పోసి చికిత్స చేయించుకున్నారు, తిరగని గుడి లేదు. చివరికి ధైర్యం చేసి కారా వెబ్‌సైటులో దత్తతకు పేరు నమోదు చేసుకున్నారు. చిన్న లోపం ఉన్నా పర్వాలేదని వాళ్ళే రాసిచ్చారు. ఇంటికి అధికారులొచ్చి చూసిపోయారు. ఏళ్ళు గడిచాక, రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఫోటో వచ్చింది. పద్నాలుగు నెలల పాప. ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. ఇలా ఒక బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లోపల మాకు కావాలని చెప్పాలి, లేకపోతే ఆ బిడ్డ వివరాలు ఇంకొకరికి పోతాయి.

ఆ 48 గంటలు మా ఇంట్లో జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది.

మా అత్తగారు ముందు కులం అడిగారు. అది ఎక్కడా రాయరంటే, "అయితే ఎవురి బిడ్డో ఏమో, దేవుని గూట్లో దీపం ఎట్ల పెట్టిస్తారు?" అన్నారు. మా ఆడబిడ్డ ఫోనులో, "ఆడపిల్ల, అందులోనూ కాలు. రేపు పెండ్లి ఎట్ల సేస్తారు?" అంది. పెదమామగారు ఇంకొంచెం ముందుకు పోయి, ఆస్తి సంగతి తేల్చి మరీ తెచ్చుకోమన్నారు. నా తోడికోడలు ఆ రాత్రే డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుంది. ఇలాంటి పాదానికి చిన్నప్పుడే వారం వారం పిండికట్లు మార్చి, తర్వాత ప్రత్యేకమైన బూట్లు వేస్తే చాలావరకు సరిపోతుందని చెప్పాడు. ఆ మాట చెబుతూ ఆమె నావైపు చూసింది. నేను ఇంటికి పెద్దకోడలిని. నేను ఒక్కమాట "తెచ్చుకుందాం" అంటే సగం యుద్ధం గెలిచేది. నేను వంటింట్లోకి పోయి పాలు పొంగకుండా చూసుకుంటూ నిలబడ్డాను. మూడోరోజు సాయంత్రం గడువు అయిపోయింది.

పాతూరులో ఆ పాపను చూసినప్పుడు ముందు నేను చేసింది ఏమిటో తెలుసా? వయసు లెక్కపెట్టాను. సరిపోయింది. తర్వాత కాలు చూశాను. ఫోటోలో పాపది ఎడమ పాదం, ఈ పాపది కుడి. ఆమె ఈమె కాదు. అయినా ఏం తేడా?

చట్టం ప్రకారం దత్తతకు సిద్ధంగా ఉన్న బిడ్డను ముందు మన దేశంలో ఉన్నవాళ్ళకు, విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు చూపిస్తారు. మనం కాదన్నాకే విదేశీయుల దాకా పోతుంది. అందుకే అలా వెళ్ళే పిల్లల్లో ఎక్కువమంది కాస్త పెద్ద పిల్లలు, అన్నాచెల్లెళ్ళుగా విడదీయకూడని పిల్లలు, లేదా ఏదో ఒక వైకల్యమో జబ్బో ఉన్న పిల్లలు. అంటే విమానం ఎక్కిన ప్రతి పిల్ల వెనకా ఎన్నో ఇళ్ళలో మా ఇంట్లో జరిగినలాంటి మాటలు జరిగి ఉంటాయి. మనం వద్దనుకున్న బిడ్డను ఎవరో వచ్చి ఎత్తుకుంటే, దాన్ని అదృష్టం అంటున్నాం. ఎవరి అదృష్టం? గుర్తు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయమ్మ. ఆమెను, భాషను, అన్నాన్ని, ఎండను, అన్నీ ఒక్కరోజులో పోగొట్టుకుని, కొత్త వాసన వేసే ఒడిలో కూర్చోబోతున్న మూడేళ్ళ పిల్లను పట్టుకుని అదృష్టవంతురాలని ఎలా అంటాం? ఆ తల్లిదండ్రులు మంచివాళ్ళే కావచ్చు. ఆమె దుమ్ములో కూర్చున్న తీరు చూస్తే మంచిదనే అనిపించింది నాకు. అయినా ఆ పిల్ల జీవితాంతం ఎవరికో కృతజ్ఞత చెప్పుకుంటూ బతకాల్సిన పని లేదు. మన కడుపున పుట్టిన పిల్లల్ని "మా ఇంట్లో పుట్టడం నీ అదృష్టం" అని రోజూ అంటామా?

"ఎంతకిచ్చినారంట?" అన్న మాట దగ్గరకొద్దాం. దీన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఈ అనుమానానికి మన రాష్ట్రంలోనే కారణం ఉంది. 1999లో, మళ్ళీ 2001లో, హైదరాబాద్ అనాథాశ్రమాల మీద దాడులు జరిగినప్పుడు పేపర్లలో చదివినవాళ్ళకు గుర్తుండాలి. నేనప్పుడు డిగ్రీ చదివే పిల్లను. నల్గొండ వైపు లంబాడీ తండాల్లో ఆడపిల్ల పుట్టగానే మధ్యవర్తులు వాలేవాళ్ళు. తల్లి చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టేవాళ్ళు. అవతలి చివర విదేశీ దంపతులు వేల డాలర్లు కట్టేవాళ్ళు. మధ్యలో కాగితాలన్నీ శుభ్రంగా ఉండేవి. గొడవ పెద్దదయ్యాక 2001లో రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రులు పిల్లల్ని అలా ఆశ్రమాలకు అప్పగించడాన్నే నిషేధించింది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో డేవిడ్ స్మోలిన్ అని లా ప్రొఫెసర్ ఉన్నాడు. ఆయనా, భార్యా 1998లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకున్నారు. ఇంటికి చేరాక ఆ పిల్లలు చెప్పిన మాటల్ని బట్టి తెలిసింది, వాళ్ళ తల్లి వాళ్ళను చదువుకుంటారని ఆశ్రమంలో పెట్టిందే గానీ ఎవరికీ ఇచ్చేయలేదని. ఆయన చట్టం చదువుకున్నవాడు, కాగితాలన్నీ చూసుకునే తెచ్చుకున్నాడు. అయినా మోసపోయాడు. ఆ తల్లి ఆచూకీ తెలియడానికి ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత ఆయన దీనిమీదే పుంఖానుపుంఖాలుగా రాశాడు. నల్లధనాన్ని తెల్లగా మార్చినట్టు, దొంగిలించిన పిల్లల్ని కాగితాలతో ఉతికి అనాథలుగా మార్చడాన్ని ఆయన చైల్డ్ లాండరింగ్ అన్నాడు. మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి అడగండి. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే గాజులంగడిలో మోకాళ్ళ మీద కూర్చున్న ఆవిడ వీపు వెనక కాదు. తల్లిని నిజంగా అడిగారా, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పారా, మనసు మార్చుకోడానికి చట్టం ఇచ్చిన 60 రోజులున్నాయని ఆమెకు తెలుసా అని అధికారులను అడగండి. తప్పిపోయిన బిడ్డయితే, వదిలేసిన బిడ్డ అని రాసే ముందు ఎంత వెతికారో అడగండి. ఇప్పటి పద్ధతి వెనకటిలా లేదు. విదేశీ దంపతులు వాళ్ళ దేశంలో ఇల్లూ ఆదాయమూ పరీక్ష చేయించుకుని రావాలి, కారా నిరాక్షేప పత్రం ఇవ్వాలి, జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి, పోయాక కూడా రెండేళ్ళ పాటు బిడ్డ ఎలా ఉందో నివేదికలు పంపాలి. అయినా కళ్ళు తెరిచే ఉండాలి. కాదనను.

కానీ ఆ ప్రశ్న వేసిన ఆవిడలాంటివాళ్ళే ఇంకో రోజు నాతో ఏమంటారో వినండి. "ఆసుపత్రిలో ఎవురైనా వద్దనుకున్న పాప ఉంటే చెప్పక్కా. తెల్లగా ఉండాల, పసికందైతే మేలు. ఖర్చుకు వెనకాడం." మా వీధిలోనే విన్నాను ఈ మాట. దీన్ని అమ్మకం అనరట. సాయం అంటారట. బిడ్డను కొన్నా, అమ్మినా ఐదేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా అని చట్టం చెబుతోంది. ఆసుపత్రి సిబ్బంది చేస్తే ఇంకా ఎక్కువ. తెల్లావిడ ఏళ్ళ తరబడి వరసలో నిలబడి, సముద్రాలు దాటి వచ్చి, కాలు వంకర పిల్లను ఎత్తుకుంటే ఎంతకు అని అడుగుతాం. మనం మాత్రం నర్సమ్మ చేతిలో నోట్లు పెట్టి తెల్లపిల్లను ఏరుకుంటాం.

ఇక కసాయి తల్లి. ఈ మాట అన్న నోరే మర్నాడు వ్రతకథ చదివి ఉంటుంది. నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని, నాకు తెలిసిన కథలు అవే కాబట్టి వాటితోనే అడుగుతాను. కుంతి బిడ్డను పెట్టెలో పెట్టి ఏటిలో వదిలింది. ఆమెను కసాయి అన్నామా? మేనక శకుంతలను అడవిలో వదిలేసి పోయింది. పెంచిన కణ్వుడు కులం అడిగాడా? జనకుడికి నాగటి చాలులో ఆడపిల్ల దొరికితే జానకి అని తన పేరే పెట్టుకున్నాడు. మన రాయలవారు ఆముక్తమాల్యద రాసింది ఎవరి మీద? తులసివనంలో విష్ణుచిత్తుడికి దొరికిన గోదాదేవి మీద. ప్రతి శ్రీరామనవమికీ దొరికిన పిల్లకు పెళ్ళి చేసి తలంబ్రాలు ఇంటికి తెచ్చుకునే మనం, ఫోటోలో పిల్ల కులం అడుగుతాం!

మా నేల సంగతి తెలిసినవాళ్ళకు తల్లుల సంగతి చెప్పక్కరలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. పడినా శెనక్కాయ ఊడదిగే సమయానికి పడదు. పంట ఎండితే బెంగళూరుకో, కదిరి వైపు వాళ్ళు కేరళకో పోతారు. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి పోతారు. ఆ అవ్వ కూడా లేని మనిషి, మూడో కాన్పూ ఆడపిల్లేనని మొగుడు గడప తొక్కనివ్వని మనిషి, పెళ్ళికాకుండానే కడుపొచ్చిన పిల్ల ఏం చేస్తారు? వదిలిన చేతిని తిడతాం గానీ, ఆ చేయి వదిలేదాకా మెలిపెట్టినవాళ్ళ పేరు ఎత్తం. ఆ మొగుడికి "కసాయి తండ్రి" అన్న బిరుదు ఎవరైనా ఇచ్చారేమో నేను వినలేదు.

స్పెయిన్ వాళ్ళ ప్రసక్తి తెచ్చాను కదా. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి ఆర్‌డీటీ పెట్టాక, ఆ దేశంలో ఎన్నో కుటుంబాలు ఇక్కడి ఒక్కో బిడ్డ పేరు మీద సాయం పంపడం మొదలుపెట్టాయి. వాళ్ళలో కొందరు ఆ బిడ్డను చూడ్డానికి అంత దూరం వస్తారు. ఇంట్లో చాపమీద కూర్చుని తిని, ఫోటో దిగి, వాళ్ళ ఊరికి పోతారు. బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. ఆ సంస్థ గురించి ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. అక్కడ ప్రయాణం చేసేది పెద్దవాళ్ళు, డబ్బూ. పిల్ల కాదు. పేదరికం ఒక్కటే కారణమైన చోట, తల్లి నుంచి బిడ్డను విడదీయాల్సిన పని లేదని మా జిల్లా యాభై ఏళ్ళుగా చూస్తూనే ఉంది. తల్లి నిజంగా లేనప్పుడు, లేక నిజంగా వద్దనుకున్నప్పుడు, బిడ్డకు ఇల్లు కావాలి. ఆ ఇల్లు ముందు మన వీధిలో దొరకాలి. దొరకనప్పుడు సముద్రం అవతల దొరికితే, తలుపు తీసినవాళ్ళను నేనేమీ అనలేను.

"వాళ్ళ మతంలో కలిపేసుకుంటారు, మన భాష మరిచిపోతుంది" అని కూడా కొందరంటారు. మరిచిపోతుంది. నాకూ బాధే. ఆ బాధ అంతగా ఉన్నవాళ్ళు ఆ 48 గంటల్లో ఎక్కడున్నారు?

మా తోడికోడలు, మరిది ఈ మధ్య మళ్ళీ వరసలో నిలబడ్డారు. ఈ సంగతి వేరేవాళ్ళ ద్వారా తెలిసి నేనే అడిగాను. ఈసారి ఫోటో వస్తే ఇంట్లో ఎవరికీ చూపించనంది. నాక్కూడానా అన్నాను.

"నీక్కూడా చూపీను అక్కా" అంది.

సరేనన్నాను.