పది రోజుల జట్టు

ఆత్రేయపురం వెళ్ళింది పూతరేకుల కోసం. తినడానికి కాదు, రాయడానికి. తినలేదని మాత్రం అనను. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ ఊళ్ళో పొయ్యిలు ఎలా వెలుగుతున్నాయో చూసి రమ్మన్నారు ఆఫీసులో. రాజమండ్రిలో దిగి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలువగట్టు రోడ్డు పట్టుకున్నాను. జూలై నెల, శనివారం. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళే కార్లూ ఆటోలూ పొద్దున్నే బారులు తీరాయి. తిరుగు ప్రయాణంలో వాళ్ళందరూ పూతరేకుల దుకాణాల ముందు ఆగుతారు కాబట్టి శనివారమంటే ఆ ఊరికి ఊపిరాడని రోజు.

నేను వెళ్ళిన ఇంట్లో తల్లి కుండ ముందు కూర్చుని ఉంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తోంది. చిటికెలో రేకు. నేను చూడాల్సింది ఆవిడ చేతుల్నే. కానీ కళ్ళు మాటిమాటికీ అరుగు మీదున్న కుర్రాడి వైపు వెళ్ళిపోతున్నాయి. వెళ్ళవూ మరి! ఆరున్నర అడుగులకి రెండంగుళాలు తక్కువ. కాళ్ళు ముడుచుకుని కూర్చుని అట్టపెట్టెలు మడుస్తున్నాడు. చూపు మాత్రం పెట్టెల దొంతరకి ఆనించిన ఫోను మీద.

క్రికెట్టేమో అనుకున్నాను. తొంగిచూస్తే బాస్కెట్‌బాల్.

‘ఏం మ్యాచ్ బాబూ?’ అన్నాను.

‘సమ్మర్ లీగండి. ఎన్‌బీఏ వాళ్ళది.’

‘ఎవరు ఆడుతున్నారు?’

‘ఎవరోనండి. సగం మంది నాకూ తెలీదు. అందుకే చూత్తన్నాను.’

ఆ జవాబు నాకు భలే నచ్చింది. తెలిసినవాళ్ళ ఆట అందరూ చూస్తారు. ఊరూ పేరూ తెలియనివాళ్ళ కోసం పొద్దున్న ఏడున్నరకి ఫోను ముందు కూర్చునేవాణ్ణి ఆ రోజే చూశాను. మనకి పొద్దున్న ఏడున్నరంటే అమెరికాలోని లాస్‌వెగాస్‌లో ముందురోజు సాయంత్రం ఏడు. ఎండ విషయంలో ఆ ఊరు మన రెంటచింతలకి అక్కలాంటిది. జూలైలో 40 డిగ్రీలు దాటడం అక్కడ వార్తే కాదు. ఆ మండుటెండల్లో, నెవాడా విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని రెండు ఇండోర్ స్టేడియాల్లో ఈ లీగ్ జరుగుతుంది. 2004లో ఆరు జట్లతో మొదలైంది. 2018 నుంచి ఎన్‌బీఏలోని 30 జట్లూ వస్తున్నాయి.

జట్లు వస్తున్నాయన్నాను గానీ, నిజానికి వచ్చేవి జట్ల బనియన్లు మాత్రమే. పెద్ద ఆటగాళ్ళు ఆ టైముకి సెలవుల్లో ఉంటారు. ఆ బనియన్లు వేసుకునేది కొత్తగా డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాళ్ళు, డ్రాఫ్ట్‌లో పేరు రానివాళ్ళు, చిన్న లీగుల్లో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళు, యూరప్‌లోనో ఆసియాలోనో ఆడి వచ్చి ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం అనుకునేవాళ్ళు. వీళ్ళందరినీ జూలై మొదట్లో ఒకచోట చేరుస్తారు. వైద్య పరీక్షలు, నాలుగైదు రోజుల సాధన, ఓ పదో పన్నెండో ఎత్తుగడలు. అంతే, మ్యాచ్ మొదలు. పక్కన ఆడేవాడి పేరు నోటికొచ్చేసరికి టోర్నమెంట్ అయిపోతుంది. చేతిలో ఒప్పందం లేనివాళ్ళకి జీతం ఉండదు. బస, భోజనం, దినభత్యం దక్కుతాయి.

మరి ఎందుకు వస్తారు? లెక్క చూడండి. ఎన్‌బీఏలో ఒక్కో జట్టుకి పూర్తిస్థాయి ఒప్పందాలు 15. అటు చిన్న లీగ్‌లోనూ ఇటు పెద్ద జట్టులోనూ ఆడే ‘టూ వే’ ఒప్పందాలు 3. ముప్ఫై జట్లకి కలిపితే 540. ప్రపంచం మొత్తానికీ ఉన్నవి ఇన్నే కుర్చీలు. వాటిలో చాలావరకు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. మిగిలిన గుప్పెడు కుర్చీల కోసమే ఈ పది రోజుల పరుగు.

నిబంధనలు కూడా అందుకు తగ్గట్టే ఉన్నాయి. మామూలు ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, ఇక్కడ 40. అక్కడ ఆరు ఫౌళ్ళు చేస్తే బయటికి పంపేస్తారు, ఇక్కడ పది దాకా ఓర్చుకుంటారు. తప్పులు చేసే కుర్రాణ్ణి బయట కూర్చోబెడితే వాడేమిటో తెలిసేదెలా? కోచ్‌గా ఉండేది సాధారణంగా అసలు జట్టు సహాయ కోచ్‌లలో ఒకరు. ఆయనకీ ఇది పరీక్షే. కొత్త రిఫరీలకీ పరీక్షే. స్టాండ్స్‌లో పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చునేవాళ్ళలో యూరప్, ఆస్ట్రేలియా, చైనా క్లబ్బుల మనుషులూ ఉంటారు. ఇక్కడ దొరకని ఉద్యోగం అక్కడ దొరకొచ్చు. చెప్పాలంటే అదో పెద్ద ఇంటర్వ్యూ. కాకపోతే ఇన్‌షర్టులు ఉండవు.

‘ఇందులో తమాసా ఏంటో తెలుసాండీ?’ అన్నాడు కుర్రాడు. పెట్టె మడత పెట్టడం ఆపేశాడు. ‘జట్టు గెలిచినా వీళ్ళకి ఒరిగేదేం లేదు. ఎవడికి వాడు కనబడాలి. దాంతో బంతి చేతికొస్తే చాలు ఎయ్యడానికే చూత్తారు. పక్కోడికి ఇవ్వరు.’

అసలు తిరకాసు అక్కడే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెతికేది ఎక్కువ పాయింట్లు కొట్టేవాణ్ణి కాదు. కొట్టేవాళ్ళు పెద్ద జట్టులో ముందే ఉన్నారు. వాళ్ళకి కావాల్సింది ఎదుటివాణ్ణి అడ్డుకునేవాడు, తోటివాడికి దారి ఇచ్చేవాడు, నాలుగు నిమిషాలే ఆడించినా ఆ నాలుగు నిమిషాల్లో తన పని తాను చేసేవాడు. తన కోసం ఆడుతున్నట్టు కనిపించినవాడు తనకే నష్టం చేసుకుంటాడన్నమాట. పాతికేళ్ళు నిండని పిల్లలకి, అదీ పది రోజుల్లో, ఇది ఎంత కష్టమో ఊహించండి.

‘మా కాలవలో పడవల పందేల్లాగేనండి’ అన్నాడు. 2025 సంక్రాంతికి సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ట్రోఫీ పేరుతో ఇక్కడి లొల్ల లాకుల కాలువలో డ్రాగన్ పడవల పోటీలు జరిగాయి. గట్టు మీద నిలబడి చూశాట్ట. ‘ఒకడికి బలం ఎక్కువుందని తెడ్డు ఎడాపెడా ఏసేశాడనుకోండి, పడవ ముందుకెళ్ళదు సరిగదా పక్కకి తిరిగిపోద్ది. డప్పు దెబ్బకి అందరూ ఒక్కసారే ఎయ్యాలి. అప్పుడు ఎవడు ఎక్కువేశాడో తెలీదు. ఈళ్ళకేమో తెలియాలి. అదండీ ఈళ్ళ బాధ.’

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వాడు అడిగిన ప్రశ్నే నన్ను పూతరేకుల నుంచి పూర్తిగా పక్కకి లాగేసింది. ‘మనోళ్ళు ఎవరైనా అక్కడిదాకా ఎళ్ళారాండీ?’

మనోళ్ళంటే ఇండియా వాళ్ళు అనుకుంటే, వెళ్ళారు. పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లె నుంచి సత్నాంసింగ్ వెళ్ళాడు. ఏడడుగుల రెండంగుళాల మనిషి. లుధియానా అకాడమీలో ఆట నేర్చుకుని, 2010లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఇంగ్లిష్ ముక్క రాకుండా ఫ్లోరిడా చేరాడు. 2015 డ్రాఫ్ట్‌లో 52వ వాడిగా డల్లాస్ మావెరిక్స్ అతణ్ణి తీసుకుంది. ఇండియాలో పుట్టినవాడు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపిక కావడం అదే మొదలు. ఆ జూలైలోనే లాస్‌వెగాస్‌లో డల్లాస్ బనియన్ వేసుకున్నాడు. తర్వాత రెండు సీజన్లు దాని అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో ఉన్నాడు. అసలు ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే ఆ దారి మూసుకుపోయింది. డోపింగ్ కేసులో రెండేళ్ళ నిషేధం కూడా చూశాడు. ఆ తర్వాత అమెరికాలోనే ప్రొఫెషనల్ కుస్తీల్లోకి వెళ్ళిపోయాడు.

రెండోవాడు ప్రిన్స్‌పాల్‌సింగ్. అతనిదీ పంజాబే. 2017లో ఢిల్లీ శివార్లలో పెట్టిన ఎన్‌బీఏ అకాడమీలో తయారయ్యాడు. 2021లో కరోనా వల్ల సమ్మర్ లీగ్ ఆగస్టుకి జరిగింది. అప్పుడు శాక్రమెంటో కింగ్స్ జట్టులో ఉన్నాడు. ఫైనల్లో ఆ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌ని 100-67తో చిత్తు చేసింది. ఏ స్థాయిలోనైనా ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన జట్టులో ఉన్న తొలి భారతీయుడు అని మన పత్రికలన్నీ రాశాయి. నిజమే. అతను ఆడింది కొద్ది నిమిషాలే, ఆ తర్వాత ఎన్‌బీఏ ఒప్పందం రాలేదు అన్నది కూడా నిజమే. ఈ రెండో నిజానికి అంత పెద్ద హెడ్డింగ్ పడలేదు.

ఆ మెట్టు ఎక్కినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. జెరెమీ లిన్ ఉన్నాడు. తల్లిదండ్రులు తైవాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు, చదివింది హార్వర్డ్‌లో. 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ అతని పేరు పిలవలేదు. సమ్మర్ లీగ్‌లో చోటిచ్చింది డల్లాసే. ఒక మ్యాచ్‌లో ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటివాడైన జాన్ వాల్ ఎదురుపడ్డాడు. చివరి క్వార్టర్‌లో లిన్ అతణ్ణి ముప్పుతిప్పలు పెట్టాడు. అది చాలు, గోల్డెన్ స్టేట్ జట్టు ఒప్పందం రాయించుకుంది. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ అతని పేరు జపించింది. ఆ మధ్యలో రెండు జట్లు వదిలించుకున్నాయని కూడా చెప్పాలి.

ఇవన్నీ చెప్పాను. కుర్రాడు అన్నీ విని, ‘అది కాదండి. మనోళ్ళు’ అన్నాడు. తెలుగువాళ్ళన్నమాట.

నా దగ్గర జవాబు లేదు.

చెప్పొద్దూ, బాస్కెట్‌బాల్ మనకి కొత్త ఆటేం కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ బుట్టలు కట్టి ఈ ఆట కనిపెట్టింది వైఎంసీఏ శిక్షణ పాఠశాలలోనే. ఆ సంస్థ చేతుల మీదుగానే అది మన దేశానికి వచ్చింది. సికింద్రాబాద్ వైఎంసీఏ కోర్టు, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్ తెలియని పాత ఆటగాళ్ళు హైదరాబాద్‌లో ఉండరు. కానీ దేశం మొత్తానికీ ఒలింపిక్స్ చూసే భాగ్యం ఒక్కసారే దక్కింది, 1980లో మాస్కోలో. ప్రొఫెషనల్ లీగ్ సంగతి మరీ అన్యాయం. 2015లో యూబీఏ పేరుతో ఒకటి మొదలైతే అందులో హైదరాబాద్ స్కై అని మనకీ ఒక జట్టు ఉండేది. జాతీయ సమాఖ్య గుర్తింపు లేని లీగ్ అది. 2017తో ఆగిపోయింది. సమాఖ్య తన సొంత లీగ్ పెట్టింది 2022లో. కొచ్చి, చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, చండీగఢ్. మొదటి సీజన్‌లో ఆ ఆరింటిలో తెలుగు ఊరు లేదు. కబడ్డీకి 2014 నుంచి తెలుగు టైటాన్స్ ఉంది. వాలీబాల్‌కి హైదరాబాద్ బ్లాక్ హాక్స్ వచ్చింది. బుట్ట దగ్గరికొచ్చేసరికే మన బంతి బయటికి పోతోంది.

‘అందుకే అందరూ వాలీబాల్‌కి రమ్మంటన్నారండి. ఈ ఎత్తుకి నెట్టు దగ్గర నిలబడితే చాలంటన్నారు’ అన్నాడు. కోనసీమలో ఏ ఊరి మైదానంలో చూసినా వాలీబాల్ నెట్టే. వీడేమో బాస్కెట్‌బాల్ రింగ్ కోసం రోజూ సాయంత్రం సైకిల్ మీద పక్క ఊరి కాలేజీకి పోతాడు. అక్కడి కోర్టుకి రెండు రింగుల్లో ఒకదానికే వల ఉందట. మేలో శాప్ వేసవి శిబిరంలో నెలరోజులు నేర్చుకున్నాడు. మిగతా పదకొండు నెలలకీ గురువు ఆ ఫోనే.

ఇంతసేపూ మా మాటలు వింటున్న తల్లి రేకు తీసి పక్కన పెట్టి నా వైపు తిరిగింది. ‘ఏవండీ, మీరు పేపరోళ్ళు కదా. ఆ బంతాట ఆడితే ఉజ్జోగం వత్తాదాండీ?’

ఆవిడ అడిగిన తీరులో ఎగతాళి లేదు. ఇద్దరు మనుషులు పొద్దుట్నుంచీ మాట్లాడుకుంటున్న విషయంలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే అన్నట్టు అడిగింది. రావొచ్చండీ అన్నాను. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాడికి ఒప్పందం అంటే ఇన్నేళ్ళూ స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. రైల్వేలు, పోలీసు, బ్యాంకులు, ఆదాయపన్ను శాఖ. జాతీయ పోటీల్లో రైల్వే జట్టు అంత బలంగా ఉండటానికి కారణం కూడా అదే కదా. ముందు కాలేజీ, తర్వాత యూనివర్సిటీ, ఆ తర్వాత రాష్ట్ర జట్టు. ఆ సర్టిఫికెట్లు పట్టుకుని సెలక్షన్ ట్రయల్స్‌కి వెళ్ళాలి. అక్కడ రెండ్రోజులు చూస్తారు. ఇలా చెబుతూ చెబుతూ నాకే తట్టింది, లాస్‌వెగాస్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే మనకి కెమెరాలుండవు, పది ఫౌళ్ళ దాకా ఓర్చుకునే రిఫరీ కూడా ఉండడు.

‘వచ్చే నెల యూనివర్సిటీ సెలక్షన్లండి’ అన్నాడు కుర్రాడు. ‘పోయినేడు పోలేదండి. పందొమ్మిది సార్లు ఏశాను, నాలుగు పడ్డాయి. తీసుకోలేదు.’

‘ఈసారి?’

‘ఈసారి తక్కువ ఏత్తాను. అడ్డుకోడం, రీబౌండ్లు. ఇంకోళ్ళకి దారివ్వడం. ఈళ్ళని చూసే నేర్చుకున్నాను’ అంటూ ఫోను వైపు గడ్డం ఎగరేశాడు. తెరమీద ఎవరో పేరు తెలియని కుర్రాడు బంతి కోసం బల్లల మీదికి దూకి పడ్డాడు. పాయింట్ రాలేదు. బెంచీ మీదున్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు.

‘ఒరే, తొమ్మిదైపోతంది. కొట్టుకాడికి పెట్టెలు ఎప్పుడట్టుకెళ్తావురా?’ అంది తల్లి.

లేచాడు. తల గుమ్మానికి తగలకుండా వంగి లోపలికెళ్ళి, పెట్టెల దొంతర రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. సైకిల్ వెనకాల తాడేసి కడుతుంటే నోట్‌బుక్కు తీసి పేరడిగాను.

‘ఇప్పుడొద్దండి. సెలక్షన్ అయ్యాక రాయండి’ అని, పెడల్ మీద కాలేసి వాడపల్లి జనం మధ్యలోకి వెళ్ళిపోయాడు.