ఆ బొమ్మలో దూది ఎక్కడిది?

దెయ్యాల్ని వెతికే ప్రోగ్రాముల గురించి మా ఆఫీసులో లంచ్ టైములో ఎప్పుడూ ఒకటే గొడవ. మొన్న ఒకడు "ఆ మీటర్లన్నీ డూపు రా, లోపల బ్యాటరీ, లైట్లు తప్ప ఏమీ ఉండవు" అన్నాడు. ఇంకొకడు "కాదు, ఒరిజినలే, ఆన్‌లైన్లో అమ్ముతున్నారు కావాలంటే చూడు" అన్నాడు. రెండోవాడు చెప్పిందే కరెక్టు. నేను ఒకటి కొన్నాను కూడా (నవ్వకండి).

ఆ షోలలో ఎక్కువగా కనిపించే కే-టూ మీటరు కరెంటు వైర్లు, ఇంట్లో వాడే పరికరాల చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని చూపించేది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పట్టుకెళ్ళా. మా ఫ్రిజ్ స్టెబిలైజరు దగ్గర అయిదు లైట్లూ వెలిగాయి. పొలంలో మోటారు స్టార్టరు దగ్గరా వెలిగాయి. పక్కన సెల్‌ఫోను మోగినా వెలుగుతాయి. మీటరు అబద్ధం చెప్పలేదు, "ఇక్కడ ఫీల్డు ఉంది" అంది, అంతే. "ఇక్కడ ఆత్మ ఉంది" అన్నది యాంకరు. లాగ్‌లో ఒక వార్నింగు చూసి సర్వరుకి చేతబడి చేశారని రిపోర్టు రాస్తే మన మేనేజరు ఊరుకుంటాడా?

నిజానికి మా నాయనమ్మ దగ్గర ఇంతకన్నా పాత మీటరు ఉండేది. ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని. వస్తే పోయిందని. ఏ జన్మలోనూ ఫెయిలవ్వని టెస్ట్ కేసు :) కాకపోతే ఆవిడ ఇరుగునీ పొరుగునీ అందర్నీ కలిపి ఒకేసారి తిట్టేసి ఊరుకునేది. ఫలానా వాళ్ళని వేలు పెట్టి చూపించేది కాదు.

ఇక అసలు విషయం. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో మా ఊరు. ఊరి చివర ఎప్పుడో మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు ఉంది. దాని కాపలాదారు పోయాక ఆయన భార్య అక్కడే రెండు గదుల్లో ఉంటోంది. అందరం మామ్మ అంటాం. సంక్రాంతికి మా బాబాయి కొడుకు "అన్నయ్యా, మన ఊరు టీవీలో వచ్చింది" అని ఫోన్లో ఒక ఎపిసోడు చూపించాడు. ఛానెల్ పేరు అనవసరం.

చీకట్లో నైట్ విజన్ కెమెరా. తెల్లటి గుండ్రటి చుక్కలు గాల్లో తేలుతున్నాయి, "ఆత్మలు" అంటున్నాడు. బాబూ, అది జిన్నింగు మిల్లు! దూలాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న పత్తి నూగు మీరు నడుస్తుంటే లేచింది. లెన్సుకి దగ్గరగా ఉన్న నూగు మీద ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పడితే అలాగే కనిపిస్తుంది. తర్వాత ఒక మూల బొమ్మ, కుంకుమ, నిమ్మకాయలు, తాళపత్రం "దొరికాయి". నిమ్మకాయలు అప్పుడే సంతలోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి. తాళపత్రం మీద అక్షరాలు మార్కరుతో రాసినట్టున్నాయి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ, చివర ఫుల్‌స్టాపు. పాత తాటాకుల మీద గంటంతో గీసి మసి రుద్దేవాళ్ళు, పదాల మధ్య ఖాళీ వదలకుండా కలిపి రాసుకుపోయేవాళ్ళు. చివర్లో మామ్మ గది తలుపు చూపించి "ఇక్కడ ఎవరుంటారు?" అని మ్యూజిక్కు.

ఇలాంటివి మన దగ్గరే కాదు. అమెరికాలో డిబ్బుక్ బాక్స్ అని ఒక చెక్క పెట్టె ఉంది. 2003లో కెవిన్ మానిస్ అనే ఆయన ఈబేలో శాపం కథ తగిలించి అమ్మాడు. 2012లో దాని మీద సినిమా కూడా తీశారు. 2021లో ఆయనే ఆ కథంతా నేనే అల్లానని ఒప్పుకున్నాడు. పెట్టె మాత్రం నిజమే! బ్రిటన్లో మోస్ట్ హాంటెడ్ షో మీద ఫిర్యాదులొస్తే 2005లో అక్కడి ఆఫ్‌కామ్ అది దర్యాప్తు కాదు, వినోదం అని తేల్చి వదిలేసింది. మన 1994 కేబుల్ టీవీ రూల్సు అంత మెతక కాదు, మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే ప్రోగ్రాము వెయ్యకూడదని ఆరో రూల్లో స్పష్టంగా ఉంది. మనవాళ్ళు "ఇది వినోదం కోసమే" అని చిన్నక్షరాల్లో మూడు సెకన్లు వేసి పని కానిచ్చేస్తున్నారు. మిగతాదంతా న్యూస్ బులెటిన్లాగే ఉంటుంది.

వినోదం ఎవరికో చెప్తాను. మిరప కోతలకి వెళ్ళే ఆటోలో మామ్మని ఎక్కించుకోవడం మానేశారు. ముఠా మేస్త్రి "వయసైపోయిందిలే" అన్నాడట. అంతకు ముందు వారం వరకూ కాని వయసు! నేను పలకరించడానికి వెళ్తే "కంప్యూటర్లు చదివావంటగా నాయనా, ఆ బొమ్మ తీసెయ్యలేవా?" అంది. వీడియో గురించనుకుని "రిపోర్టు కొట్టాను మామ్మా, చూద్దాం" అన్నా. అది కాదు. షూటింగ్ వాళ్ళు బొమ్మని అక్కడే వదిలేసి పోయారు. అది తీస్తూ తను ఎవరి కంటన్నా పడితే ఇంక సాక్ష్యం అక్కర్లేదని దాని జోలికి పోలేదు. ఆ మాట విన్నాక నా మీటరు మీద నాకే చిరాకేసింది.

బొమ్మ తెచ్చి టీకొట్టు దగ్గర అందరి ముందూ బ్లేడుతో కోశాను. లోపలంతా తెల్లగా మెరుస్తోంది. పత్తి యాపారం చేసి మానేసిన ఒక పెద్దాయన కాస్త తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి "ఇది మన దూది కాదురా, దిండ్లలో కుక్కే పాలిస్టరు" అన్నాడు. అగ్గిపుల్ల గీసి అంటిస్తే బూడిద అవలేదు, కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. పత్తి జిన్నింగు మిల్లులో చేతబడి బొమ్మకి బయట్నుంచి పాలిస్టరు తెచ్చుకున్నారన్నమాట! అందరూ నవ్వారు.

మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు. ఆ పూసని అటూ ఇటూ తిప్పి చూసి, టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న నా బస్సు ఏడింటికి. ఆటో ఆరున్నరకే వెళ్ళిపోయిందట, అందులో మామ్మ ఉందో లేదో నేను చూళ్ళేదు. ఫోన్ చేసి కనుక్కోవాలి.