కొండగాలి చాలదా?

అనంతపురం పీఠభూమి వాసులకు పచ్చని అడవి అపురూపమైన వస్తువు. సాలీనా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన, వేరుశనగ చేలు, బండరాళ్ల గుట్టలు - ఇదే మన సీమ. ఇటువంటి ప్రాంతాన్ని ఆయుర్వేదం జాంగలదేశమన్నది. ఇచ్చట వాతం ప్రబలమైనా వ్యాధులు తక్కువేనని కూడా చెప్పినది కనుక మరీ దిగులు పడనవసరం లేదు. అయినను ఏడాదికొకమారు కుటుంబసమేతంగా అడవిలో నడిచి రావటం హితకరం.

కదిరి, పీలేరు, భాకరాపేటల మీదుగా వెళ్లినచో తలకోన చేరవచ్చును. శేషాచలం కొండలలో 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో ఉన్న ఈ జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. ఎండాకాలపు సెలవులలో పోవటం మాత్రం మనవారి పొరపాటు. అప్పుడు ధార సన్నగిలుతుంది. గ్రీష్మంలో వ్యాయామం కూడదని శాస్త్రం కూడా వారిస్తున్నది. మార్గశిర, పుష్యమాసాలు ప్రశస్తం. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి పీల్చవలసివచ్చినప్పుడు సగం బలం వ్యయమైనట్లు లెక్క, అక్కడ ఆగవలెను. ఏనుగులు, చిరుతలు తిరిగే అడవి కనుక అటవీశాఖవారు చూపిన దారి విడువరాదు.

ఇక అసలు సంగతి. కొండకు పోయినవారు వేరో, బెరడో మూటగట్టుకొని తిరిగి రావటం పరిపాటి అయినది. గృహవైద్యంపై మక్కువగల మనబోటివారే ఇందులో ముందున్నారనటానికి సంకోచించను. జాతీయ వనం నుండి మొక్కను తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచి, పేరిత సంగతి చూడండి. మదనకామాక్షి అని కూడా పిలిచే ఈ మొక్క ప్రపంచంలో ఈ తిరుపతి-కడప కొండలలోనే సహజంగా పెరుగుతున్నది. ఇందులో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మగమొక్కకు వచ్చే కంకిని బలవర్ధకమని కోసి అమ్ముతారు. పుప్పొడి రాలకమునుపే కంకి పోయిన తరువాత ఆడమొక్కకు విత్తనమెక్కడిది? పది మంది వీర్యవృద్ధికై ఒక జాతి నిర్వంశమగుట ఏ వైద్యం?

ఎర్రచందనం కథ ఇంతకన్న దారుణం. 2015 ఏప్రిల్‌లో ఈ శేషాచలంలోనే 20 మంది కూలీలు పోలీసు కాల్పులలో మరణించారు. దుంగలు విదేశాలకు పోతాయి, ముఖానికి రాసుకొనే చిటికెడు పొడికి దానితో సంబంధమేమని గృహిణులు అడుగవచ్చును. ఆ పొడి ఏ చెట్టుదో, ఎవరు నరికినదో అంగడివానికే తెలియదు. రంగు కలిపిన కొయ్యపొట్టు కాదనే పూచీ కూడా లేదు. ముఖకాంతికి పెసరపిండి, పసుపు తరతరాలుగా మన వంటింట ఉన్నవే కదా!

పచ్చిమూలిక కావలెననుకొనేవారికి తంగేడు, ఉత్తరేణి మన పొలం గట్లమీదనే విరివిగా ఉన్నవి. తిప్పతీగను పెరటి కంచెకు పాకించవచ్చును; చేతి పొడవు కాండం ముక్క పాతిన చాలును, మన ఎండలకు కూడా తట్టుకొని బ్రతుకుతుంది.