ఆకు కాల్చి సంచి కొనడం ఏం లెక్క?

పొద్దున్నే ఉద్దానంలో ఏ ఊరి దారిన వెళ్లినా పెరళ్లలోంచి పొగే. పనసాకు, జీడాకు, ఎండు కమ్మలు, డొక్కలు అన్నీ పోగేసి అగ్గిపుల్ల గీసేయడమే. పెరడు శుభ్రం చేశామంటారు. మళ్లీ ఆ మధ్యాహ్నమే వంగ మొక్కలకి, కొబ్బరి పాదులకి ఎరువు సంచి కావాలని బండి తీస్తారు. ఇదేం లెక్క బాబూ?

బూడిదలో పొటాష్ మిగులుతుంది, కాదనను. కానీ నత్రజని పొగలో పోయింది, నేలని గుల్లగా ఉంచే సారమూ పోయింది. మనది ఇసక నేల. నీరు నిలవదు, యూరియా నిలవదు. 45 కేజీల సంచిలో నత్రజని 20 కేజీల పైచిలుకు ఉంటుంది. పెద్ద వాన పడితే అందులో ఎంతో వేళ్లకి అందకుండా కిందికి జారిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది కుళ్లిన ఆకే. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం లైన్లో నిలబడ్డాం, వరికి తప్పదు అనుకుందాం. పెరట్లో ఆనప పాదుకి కూడా ఆ సంచే కావాలేటి?

పశువుల్లేవు, గెత్తం ఎక్కడిదని ఒక సాకు. దుక్కి ట్రాక్టర్‌కి పోయాక శాలలు ఖాళీ అయిన మాట నిజమే. కానీ పేడ ఉంటే తొందరగా కుళ్లుతుంది, అంతే. పక్కింట్లో ఒక తట్ట అడిగి నీళ్లలో కలిపి చల్లండి, చాలు.

రెండో మాట మాత్రం కొట్టిపారేయలేం. గెత్తం కుప్పలో కొమ్ము పురుగు పెరుగుతుంది, కొబ్బరి మొవ్వు తినేస్తుంది అంటారు. నిజమే, దాని పిల్ల పురుగులు కుళ్లులోనే పెరుగుతాయి. అయితే ఎలాంటి కుప్పలో? ఏడాదంతా ముట్టుకోకుండా వదిలేసినదాంట్లో. గుడ్డు పెద్ద పురుగు కావడానికి నాలుగు నెలలైనా పడుతుంది. పదిహేను రోజులకోసారి తిరగేసి, తెల్లగా వంకర తిరిగి ఉన్న పురుగుల్ని ఏరి కోళ్లకి వేసి, మూడు నెలలకి కుప్ప ఎత్తేస్తే అదెక్కడ పెరుగుతుంది? కావాలంటే మెటారైజియం బూజు మందు కూడా కలపొచ్చు. కుప్పని తిట్టేవాళ్లు తోటలో కుళ్లుతున్న మానుల్ని ఎందుకు వదిలేస్తారు? 2018 తిత్లీకి పడిన కొబ్బరి మానులు ఎన్ని చోట్ల అలాగే కుళ్లాయో మీకే తెలుసు. పురుగుకి అసలైన పురిటిల్లు అదే.

పనేం పెద్దది కాదు. వానాకాలం గొయ్యి తవ్వకండి, నీరు నిలిచి కంపు కొడుతుంది. చెట్టు నీడన నేల మీదే కుప్ప పెట్టండి. జానెడు ఆకు, దాని మీద వంటింటి చెత్త, పలచగా మట్టి, మళ్లీ ఆకు. జీడాకు మందం, తొందరగా కుళ్లదు, కత్తితో నరికి వేయండి. చేప పొట్టలు, పొలుసులు నడిమధ్యన కప్పెట్టండి, లేకపోతే కుక్కలు లాగేస్తాయి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. బాగా కుదిరితే నాలుగో రోజుకి లోపల చెయ్యి పెడితే చురుక్కుమంటుంది.

ఇంకోటి. ఊడ్చేది ఆడవాళ్లు, వంటింటి చెత్త తెచ్చేదీ వాళ్లే. ఆ కుప్ప తిరగేసే పనైనా మనం చెయ్యొద్దా?