సరుకు మనది, చదువు పొరుగూరిది

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల మధ్య ఒక గుండ్రటి పలక ఉంది. పల్నాటి సున్నపురాయి, సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి పనితనం. అందులో నలగిరి అనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిన పడింది. ఒకణ్ణి తొండంతో పట్టి ఈడుస్తోంది. జనం చెల్లాచెదురవుతున్నారు, బెదిరిపోయిన ఒకావిడ పక్కవాణ్ణి కరుచుకుపోయింది, మేడ మీది కిటికీల్లోంచి కొందరు తొంగిచూస్తున్నారు. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకాళ్ల మీద ఉంది. మధ్యలో గీత లేదు, గడి లేదు, కింద రాత లేదు. అయినా చూసేవాళ్లెవరూ రెండు ఏనుగులున్నాయని పొరబడరు. ముందు జరిగిందేదో, తర్వాత జరిగిందేదో కన్ను తనంతట తనే పోల్చుకుంటుంది. కదలని బొమ్మలో కాలం ఎలా నడుస్తుంది, చూపు ఎటు నుంచి ఎటు పోవాలో చెక్కినవాడు ఎలా నిర్ణయించాడు, చెప్పకుండా వదిలేసిన దాన్ని చూసేవాడు ఎలా పూరించుకుంటాడు అన్నవి కామిక్స్ మీద పరిశోధన చేసేవాళ్లు ఇవాళ అడుగుతున్న ప్రశ్నలే. వాటికి పనికొచ్చే ముడిసరుకు కృష్ణకు దక్షిణాన, మిర్చి పత్తి పండే నేలలో పుట్టింది. చదువు మాత్రం ఇక్కడ లేదు.

గుంటూరులోనో ఒంగోలులోనో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి బొమ్మల కథల మీద పీజీ చేయాలనుకుంటే ఎక్కడికెళ్లాలి? ప్రపంచపటం చూస్తే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీ 2011లో కామిక్స్ అధ్యయనంలో పీజీ పెట్టింది. జపాన్‌లో క్యోటో సైకా యూనివర్సిటీకి మాంగా కోసం 2010 నుంచి ప్రత్యేక పీజీ విభాగమే ఉంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో 2005 నుంచి కార్టూన్ల కోసమే ఒక బడి నడుస్తోంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ సంగతి మనకు ఇంకా దగ్గరిది. ఇవాళ అక్కడున్న కార్టూన్ గ్రంథాలయం ప్రపంచంలోనే పెద్దదని పేరు. అది 1977లో మిల్టన్ కానిఫ్ అనే ఒక్క కార్టూనిస్టు ఇచ్చిన కాగితాల పెట్టెలతో, జర్నలిజం విభాగంలోని రెండు తరగతి గదుల్లో మొదలైంది. ముందు బొమ్మలు ఒకచోట చేరాయి, గ్రంథాలయం ఆ తర్వాత పెరిగింది.

మన దేశంలో కామిక్స్ అన్న పేరు పెట్టుకుని వెతికితే దారి తొందరగా మూసుకుపోతుంది. చదువు లేక కాదు, అది వేరే పేర్ల కింద ఉండటం వల్ల. ఒక దారి డిజైన్‌ది. ఐఐటీ బొంబాయిలో 1969లో మొదలైన ఐడీసీలో కమ్యూనికేషన్ డిజైన్, యానిమేషన్‌లలో పీజీ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. వీటికి సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బీకాం చదివినా బీఎస్సీ చదివినా మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, రాయొచ్చు. ఈ సంగతి మన డిగ్రీ కాలేజీల్లో ఎంతమందికి చెబుతున్నారో గాని. రెండో దారి కళాచరిత్రది. బరోడా, ఢిల్లీ జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఈ దారిలో తగులుతాయి. మూడోది సినిమా, సాహిత్యం, సంస్కృతి అధ్యయనాలది. అందుకు హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకు సీయూఈటీ పీజీ రాస్తే సరిపోతుంది. డిజైన్ దారిలో బొమ్మ వేయడం నేర్పుతారు, కళాచరిత్రలో పాత బొమ్మను చదవడం నేర్పుతారు, మూడో దారిలో ఆ బొమ్మ చుట్టూ ఉన్న సమాజాన్ని చదవడం నేర్పుతారు. చందమామ పేజీని చదవాలంటే మూడూ కావాలి. కాబట్టి కోర్సు పేరు కన్నా గైడ్ ఎవరు, ఆయన ఏ పుస్తకాలు రాశారు, ఆ ఊళ్లో ఏ పాత పత్రికల గుట్టలున్నాయి అని చూసుకుని చేరడమే తెలివైన పని.

ఆ గుట్టల దగ్గరే అసలు వాదన మొదలవుతుంది. చందమామ మొదటి సంచిక 1947 జులైలో మద్రాసులో వెలువడింది. కానీ నాగిరెడ్డితో కలిసి దాన్ని తలపెట్టిన చక్రపాణి తెనాలివాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని భాషకు రూపం ఇచ్చిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. డజను భాషలకు పైగా వచ్చిన ఆ పత్రికలో మాటలు మారేవిగాని చిత్రా, శంకర్ వేసిన బొమ్మలు అవే ఉండేవి. భుజాన శవంతో, చేత కత్తితో విక్రమార్కుడు తమిళంలోనూ ఒడియాలోనూ ఒకే అడుగు వేశాడు. ఇన్ని భాషలవాళ్లు ఒకే బొమ్మను చూస్తూ పెరిగిన సంగతి మీద ఒక తరం పరిశోధకులకు పని ఉంది. మాయాబజార్‌కు కళాదర్శకత్వం చేసిన గోఖలేది గుంటూరు జిల్లా. తుమ్మపూడి పల్లెలో కూర్చుని ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో రాసిన సంజీవదేవ్‌దీ ఈ జిల్లాయే. నరసరావుపేటలో తోలుబొమ్మల పనివాళ్లున్నారు. ఇక వేటపాలెం సారస్వత నికేతనం సరేసరి. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులనో చీరాల పక్కకు రప్పించింది. తెలుగు కార్టూన్‌కు ఆద్యుడైన తలిశెట్టి రామారావు నుంచి బాపు దాకా ఒక వరసలో పెట్టి చూడాలంటే, డండీలో కూర్చున్నా మళ్లీ ఇలాంటి బీరువాల దగ్గరికే రావాలి.

ఒకప్పుడు రాళ్లే వెళ్లిపోయాయి. అమరావతి శిల్పాలు కొన్ని మద్రాసుకు, కొన్ని లండన్‌కు చేరి 1880లో బ్రిటిష్ మ్యూజియం పాలయ్యాయి. ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన ఒక బౌద్ధ శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది; 2016లో గాని తిరిగి రాలేదు. ఇప్పుడు రాళ్ల బదులు పిల్లలు వెళ్తున్నారు. వెళ్లగలిగినవాళ్లు వెళ్తే తప్పేమీ లేదు. వెళ్లలేనివాళ్ల మాటేమిటి? కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతిపనివాళ్ల పిల్లలకు ఉద్దేశించింది. అంటే మిర్చి కోతకు వెళ్లే ఇంటి పిల్లకు, చీరాల మగ్గం ఇంటి పిల్లకు, తోలుబొమ్మలాడించే ఇంటి పిల్లకు. 2022లో మార్చిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు ఈ డబ్బు రాదని రాశారు. వాటికి కావలసిన వనరులన్నీ దేశంలోనే ఉన్నాయన్నది అందుకు చెప్పిన కారణం. ఆ కారణాన్నే ఒప్పుకుందాం. వనరులు ఇక్కడే ఉన్నాయి కాబట్టి బయటికి పంపం అన్నప్పుడు, ఆ వనరుల పక్కన తరగతి గది కట్టే పూచీ కూడా అన్నవాళ్లదే అవుతుంది.

ఆ తరగతి గది నాగార్జున యూనివర్సిటీలో ఉండాలన్నది నా వాదన. కొత్త భవనం అడగడం లేదు. తెలుగు, జర్నలిజం, చరిత్ర విభాగాలు కలిసి నడిపే ఒక పీజీ స్పెషలైజేషన్ చాలు. మన రాష్ట్రపు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 2015లో ఆ యూనివర్సిటీ ఆవరణలోనే మొదలైంది. అంటే బొమ్మ వేసేవాళ్లు, బొమ్మ చదవాల్సినవాళ్లు ఒకే ప్రాంగణంలో తిరిగారు.

దీనికి మొదట వచ్చే ఎదురుమాట తెలిసిందే. పత్తికి ధర లేదు, మిర్చికి బొబ్బర తెగులు, మధ్యలో ఈ కార్టూన్ల చదువేమిటని. కోపం న్యాయమైనదే, గురి మాత్రం తప్పింది. జూన్‌లో విత్తనాల దుకాణం ముందు నిలబడ్డ రైతు చేతిలో ఏముందో చూడండి. తళతళలాడే ప్యాకెట్, దాని మీద తొడిమ నుంచి కొస దాకా ఒకే ఎరుపులో గుత్తులుగా వేలాడే కాయలు, పక్కన నవ్వుతున్న తలపాగా మనిషి, పైన పెద్ద అక్షరాల్లో రకం పేరు, వెనక చీమల బారుల్లా లాటు నంబరూ గడువు తేదీ. ఎకరానికి పెట్టే వేల రూపాయలు ఆ బొమ్మను నమ్మి పెడుతున్నాడు. నకిలీ విత్తనాల కేసులు ఈ జిల్లాలకు కొత్త కాదు, నకిలీ అంటే చాలాసార్లు బొమ్మలోనే నకలు. రంగు అదే, కాయ అదే, పేరులో ఒక అక్షరం తేడా. ఏ బొమ్మ ఏం దాస్తోంది, కన్నును ఎటు లాగి ఎటు చూడనివ్వడం లేదు అని అడగటమే దృశ్య సంస్కృతి అధ్యయనం. పురుగుమందుల గోడరాతలు, మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) మీది మార్కులు, కూడలిలో లేచే ఫ్లెక్సీలు, కోటప్పకొండ ప్రభలు అన్నీ ఆ సిలబస్‌లోవే. శివకాశి క్యాలెండర్ బొమ్మల మీద కజ్రీ జైన్ 2007లో పుస్తకమే రాశారు. ఆ బొమ్మల వెనక ఉన్న వ్యాపారం, నమ్మకం, అప్పు ఎలా అల్లుకుని ఉంటాయో అందులో కనిపిస్తుంది. గుంటూరు యార్డు మీద అలాంటిది ఒకటి రావడానికి అడ్డేమిటి?

కామిక్స్ పిల్లల వ్యవహారం, యూనివర్సిటీ స్థాయి కాదనేవాళ్లకు నా దగ్గర ఓపిక తక్కువ. సినిమానూ ఇలాగే అన్నారు. తెలుగు హీరోల అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ‘మెగాస్టార్’ రాశారు, పౌరాణిక చిత్రాల మీద ఉమా మహేశ్వరి భృగుబండ 2018లో పుస్తకం తెచ్చారు. వాటి తర్వాత తెలుగు రాజకీయాలను సినిమా వదిలేసి చదవడం కష్టం. అమర్ చిత్ర కథ మీద కూడా నందినీ చంద్ర, కార్లైన్ మెక్లెయిన్ పుస్తకాలు రాశారు. చందమామకు అంతటి పుస్తకం ఇంకా బాకీ ఉంది.

ఉద్యోగాల మాట బరువైనది. కొత్త పేరుతో డిగ్రీ పెడితే నోటిఫికేషన్‌లో ఆ పేరు ఉండదు, సమాన అర్హత సర్టిఫికెట్ కోసం పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే స్పెషలైజేషన్ అంటున్నాను. డిగ్రీ మీద ఎంఏ తెలుగు అనో చరిత్ర అనో ఉండనివ్వండి, నాలుగు పేపర్లు బొమ్మల మీద పెట్టండి. నెట్ రాయడానికి అడ్డు ఉండదు. నెట్‌లో విజువల్ ఆర్ట్ అన్న సబ్జెక్టు, దానిలో కళాచరిత్ర ఇప్పటికే ఉన్నాయి కాబట్టి అటు వెళ్లదలచినవాళ్లకూ దారి ఉంటుంది. ఈ చదువు చదివినవాళ్లందరికీ కొలువులొస్తాయని నేను చెప్పను. ఇంజినీరింగ్ కాలేజీలు పెట్టినప్పుడు ఆ హామీ ఇచ్చారు, ఏమైందో చూశాం. అయితే పత్రికల్లో, ప్రచురణ సంస్థల్లో, యానిమేషన్ స్టూడియోల్లో, మ్యూజియాల్లో బొమ్మ వేసేవాళ్లతో పాటు ఏ బొమ్మ ఎందుకో చెప్పగలిగేవాళ్ల అవసరం ఉంది. అడిగితే బొమ్మ వేసిపెట్టే యంత్రాలు వచ్చాక ఆ అవసరం పెరిగింది.

మరి ఎవరు చెబుతారు? తెలుగు కార్టూన్‌ను లోపలి నుంచి తెలిసినవాళ్లలో పీహెచ్‌డీలు తక్కువ. జయదేవ్ జంతుశాస్త్రం పాఠం చెబుతూ కార్టూన్లు వేశారు. కార్టూన్ పాఠం చెప్పమని పిలిచే విభాగం ఆయన కాలంలో లేదు. పీహెచ్‌డీ లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అన్న పేరుతో, డిగ్రీలతో నిమిత్తం లేకుండా వృత్తిలో పేరున్నవాళ్లను మంజూరైన పోస్టుల సంఖ్యలో పదిశాతం దాకా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. పరిశ్రమల నుంచి మేనేజర్లను తెచ్చుకోవడానికి యూనివర్సిటీలు ఆ మాటను వాడుకుంటున్నాయి. అందులో ఒక్క కుర్చీ, ముప్పై ఏళ్లు రోజూ పొద్దుగూకే వేళకు పత్రికకు బొమ్మ వేసి ఇచ్చిన ఒక మనిషికి వేసి, పక్కన వేటపాలెం నుంచి తెచ్చిన పాత సంపుటాలు నాలుగు పెడితే మొదటి సెమిస్టర్ మొదలుపెట్టడానికి సరిపోతుంది.